పంక్తి చివర ఆగిన మాట

"ఉత్తరం అందిందా లేదా? ఆ ఒక్కటి చెప్పు నాన్నా."

కృపానందం ఆ మాట అడగడం అది మూడోసారి. నులకమంచం మీద కూర్చున్న దానయ్య పంతులు చేతికర్రను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, కొడుకు గొంతు వచ్చిన వైపు మొహం తిప్పాడు. సరిగ్గా తిరగలేదు. కొడుకు గుమ్మంలో నిలబడి ఉంటే ఆయన గోడకు ఆనించిన చాపచుట్టతో మాట్లాడాడు.

"అందబట్టే గదరా పోయిన ఆదివారం గుళ్లో లేచి చెప్పింది. మావాడు వస్తన్నాడు, ఇంక బడికి భయం లేదు అని. సంఘమంతా ఒక్క గొంతుతో స్తోత్రం అంది. గుంటూరులో నీకు వినబడలా?"

ఆయన నవ్వాడు. కృపానందానికి నవ్వు రాలేదు.

"అందులో ఏముందో నువ్వు విన్నావా?"

"విన్నా. బడికి నేను వస్తా అన్నావు. ఆ మాట చెవిన పడ్డాక ఇంకేం కావాలిరా నాకు? అక్కడికక్కడే మోకాళ్లూనా. ఎంతసేపు ప్రార్థన చేశానో నాకే తెలియదు. మీ అమ్మనడుగు."

కృపానందం తలుపు చెక్కను పట్టుకున్నాడు. నాలుగు పుటల ఉత్తరం. మూడుసార్లు చించి, నాలుగోసారి శుభ్రంగా రాసి పోస్టు చేసిన ఉత్తరం. అందులో వస్తానన్న మాట ఎక్కడుంది? రాననే కదా నాలుగు పుటలూ!

ఆ సంగతి ఇప్పుడు ఎలా చెప్పడం? నిన్న సాయంత్రం వరకూ అయితే చెప్పగలిగేవాడే. నరసరావుపేటలో బొగ్గుతో నడిచే బస్సు ఎక్కి, రొంపిచెర్లలో దిగి, రెండు మైళ్లు నడిచి పల్లెలోకి వచ్చేసరికి నాన్న ఎదురొచ్చి తన మొహం చేతులతో తడిమాడు. ముద్దు చేస్తున్నాడనుకున్నాడు మొదట. ఆ వేళ్లు కళ్ల దగ్గర, ముక్కు దగ్గర ఆగి ఆగి వెతుకుతుంటే అప్పుడు తెలిసింది. రెండేళ్ల కిందట మొదలైన మసక క్రిస్మసుకు ముదిరిందట. ఈస్టరుకు పూర్తిగా చీకటి. నరం చచ్చిపోయింది, ఆపరేషను చేసినా చూపు రాదని కంటి డాక్టరు చెప్పాడట. పరీక్షలు చెడతాయని కొడుక్కి రాయలేదు.

"ఉత్తరం నీకు ఎవరు చదివారు నాన్నా?"

పెరట్లో తిరగలి చప్పుడు ఆగింది.

"ఎవరు చదివితే ఏందిరా? నోరున్న మనిషి చదివాడు."

"ఎవరు?"

"ఇదేం కోర్టా, నన్ను బోనులో నిలబెట్టి అడగడానికి? రేపు మిషను దొరగారు వస్తన్నారు. కాయితం తెస్తారు. నా పేరు కొట్టేసి నీ పేరు రాసుకుంటారు. తెల్లచొక్కా ఉందా లేదా చూసుకో ముందు."

"చద్దన్నం పెట్టాను, రా," అని పెరట్లోంచి తల్లి పిలిచింది.

జ్ఞానమ్మ పిలుపు ఎప్పటిలాగే ఉంది. మనిషి మాత్రం కొడుకు మొహం చూడలేదు. గిన్నె ముందుకు జరిపి, ఉల్లిపాయ పక్కన పెట్టి, మళ్లీ తిరగలి దగ్గరికి పోయింది. తినడం మొదలుపెట్టబోయి కృపానందం కళ్లు మూసుకున్నాడు. ఆ ఇంట్లో ప్రార్థన లేకుండా ముద్ద ఎత్తరు. కళ్లు మూసుకున్నాడు గానీ మాటలు రాలేదు. ఊరికే ఆమెన్ అన్నాడు.

కళ్లు తెరిస్తే ఎదురుగా వంటింటి వెనకగోడ. మోకాలెత్తున బొగ్గుతో గీసిన అక్షరాలు. క్ష, క్ష, క్ష. ఇరవై దాకా ఉన్నాయి. మొదటివి కూలిపోయిన గుడిసెల్లా ఉన్నాయి. చివరివి కాస్త నిలబడ్డాయి.

"బడిపిల్లల్ని ఇంటిగోడల మీద కూడా రాయనిస్తున్నారా అమ్మా? తుడిపెయ్యకపోయావా?"

"తుడుస్తాలే," అంది జ్ఞానమ్మ. తిరగలి మళ్లీ తిరిగింది.

పక్కింటి రాహేలు దడి మీదుగా తొంగిచూసింది. "ఏం పంతులుగారూ, చద్దన్నమేనా? కొత్త పంతులుకు కోడిని కొయ్యవా జ్ఞానమ్మా?"

"నేను పంతుల్ని కాదు పిన్నీ."

"రేపటికి అవుతావుగా! ఇన్నాళ్లూ ఒరేయ్ అన్న నోరు, ఇప్పుడే మళ్లించుకోవద్దూ? మా సుశీలకు ఎక్కాలు రావట్లా. తోలు తీసైనా సరే నేర్పు నాయనా. మీ నాన్నది మెత్తని చెయ్యి."

కృపానందం సగం తిని లేచాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు.

ఉత్తరం చదివింది ఎవరో అతనికి తెలిసిపోయింది. పల్లెలో చదువు వచ్చిన పెద్దమనిషి నాన్న తరవాత ఒక్కడే. సంఘపెద్ద ప్రభుదాసు. బడి మూతపడకూడదని అందరికంటే ఎక్కువ ఆరాటపడేది కూడా ఆయనే. ఉన్నది ఒకటైతే తనకు కావలసింది ఇంకొకటి చదివి వినిపించాడు. గుడ్డివాణ్ణి మోసం చేశాడు!

ప్రభుదాసు కళ్లం ఊరికి అరమైలు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నడుస్తున్నంతసేపూ అతనికి కాలేజీలో పుస్తకాల గది గుర్తొచ్చింది. ఎత్తైన బీరువాలు, పొడుగాటి బల్ల, ఉత్తరం వైపు కిటికీ. ఆ కిటికీ కింద కుర్చీ అతనిదని గుమాస్తాకు కూడా తెలుసు. మొదటి ఏడు ఆ గదిలో అడుగు పెట్టినప్పుడు ఏ పుస్తకం ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో తెలియక గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మని గుమాస్తా చెయ్యి ఊపాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక పెద్ద గుమ్మం ముందు నిలబడితే లోపలికి రమ్మనడం అతనికి అదే మొదలు. బి.ఏ.కు ఇంక ఒక్క ఏడాది ఉంది. తరవాత మద్రాసు వెళ్లి ఎం.ఏ. ఆ తరవాత కాలేజీలోనే చరిత్ర చెప్పే ఉద్యోగం. జీవితమంతా ఆ పుస్తకాల వాసనలోనే, ఆ కిటికీ కిందే.

ఇక్కడేముంది? రెండంకణాల బడి, దాన్ని ఆనుకుని ఇల్లు. ఇల్లంటే మనదా? ద్వారబంధం మీద మిషను నంబరు తెల్లరంగుతో రాసి ఉంటుంది. పంతులు ఉన్నంతకాలం ఇల్లు. పంతులు మారితే జూనులో ఆ పొయ్యి దగ్గర ఇంకో ఆడమనిషి కూర్చుంటుంది. చిన్నప్పుడు గోడకు మేకు కొడితే నాన్న కొట్టాడు, మనది కాని గోడకు చిల్లు పెడతావా అని. మేకు కొట్టుకోడానికి వీల్లేని ఇంటి కోసం తన చదువు వదులుకోవాలా?

ఉత్తరంలో ఇదంతా రాశాడు. రాసినప్పుడు నాన్నకు కళ్లున్నాయనే అనుకున్నాడు. నాన్న ఇంకో పదేళ్లు బడి చెబుతాడన్న ధీమాతో రాశాడు. ఇప్పుడు తను రానంటే రేపు దొరగారు ఇంకొకర్ని వేస్తారు. జూనులో ఆ గుడ్డి మనిషినీ అమ్మనూ ఎక్కడ పెట్టాలి?

కళ్లంలో మిరపకాయలు ఎర్రటి దుప్పటి పరిచినట్టున్నాయి. ప్రభుదాసు కాలితో కాయలు తిరగేస్తూ తుమ్ముతున్నాడు.

"రారా అబ్బాయ్! గాలికి ఎదురు నిలబడకు, నీ కళ్లు గుంటూరువి, ఈ ఘాటుకు ఆగవు."

"నా ఉత్తరం మా నాన్నకు చదివింది నువ్వేనా పెదనాన్నా?"

"ఏ ఉత్తరం?"

"తెలియనట్టు అడక్కు. పదిరోజుల కిందట వచ్చింది. నేను రాసిందొకటి, నువ్వు చదివిందొకటి. నీకు బడి కావాలి. అందుకని కళ్లు లేనివాడికి నోటికొచ్చింది చదివి పెట్టావు. ఆదివారం ప్రసంగ పీఠం పక్కన కూర్చునే మనిషివి!"

ప్రభుదాసు కాలు ఆగింది. అతని వైపు తిరిగాడు.

"కాలేజీలో ఇదా నేర్పింది?"

"జవాబు చెప్పు."

"చెప్తా. నా కళ్లజోడు పోయిన కోతల్లో పగిలింది. ఆదివారం నేను పాట పాడేది కంఠతా వచ్చి, చూసి కాదు. నీ ఉత్తరం నేను కంటితో చూడలా. ఆ రోజు మీ ఇంటికి అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చున్నా. లోపల మీ అమ్మ చదవతా ఉంది, నేను విన్నా."

"మా అమ్మా?"

"ఆ."

"మా అమ్మకు అక్షరం ముక్క రాదు."

ప్రభుదాసు పకపకా నవ్వబోయి, పిల్లవాడి మొహం చూసి నవ్వు మింగేశాడు.

"నీకు చెప్పలేదా ఎవరూ? రెండేళ్ల నుంచి చిన్నబిడ్డల వరసలో కూర్చుని దిద్దింది రా మీ అమ్మ. నలభై ఏళ్ల మనిషి, మా చిన్నపిల్ల సుబ్బులు పక్కన పలక పట్టుకుని. మీ నాన్నకు మసక మొదలైనప్పటి నుంచీ. పొద్దున్నే ఆమె పాఠం చదువుద్ది, ఆయన విని బడిలో చెప్తాడు. చూపు పోతన్న సంగతి బడిపిల్లలక్కూడా చానాళ్లు తెలియలా."

ప్రభుదాసు వంగి ఒక తాలుకాయ ఏరి పక్కన పడేశాడు.

"మరి నీకు ఏడాది నుంచి కార్డులు రాస్తంది ఎవరనుకున్నావు?"

ఆ కార్డులు! కుండల్లా గుండ్రంగా, పెద్ద పెద్ద అక్షరాలు. నాన్న ఎవరో బడిపిల్ల చేత రాయిస్తున్నాడనుకున్నాడు. 'మేము చేమం, నీవు చేమమని తలుస్తాము' అని ఉండేది. సంక్రాంతి సెలవుల ముందు హాస్టల్లో స్నేహితులకు చూపించి నవ్వాడు కూడా. జవాబులో ఒక వాక్యం చేర్చాడు: 'కార్డు రాసే పిల్లకు క్ష రాదు కాబోలు, నేర్పించండి.'

గోడ మీది బొగ్గు అక్షరాలు కళ్ల ముందు నిలబడ్డాయి.

"పెదనాన్నా, నన్ను..."

"పో. ఇంటికి పో. నాతో తరవాత మాట్లాడుదువు గానీ."

తిరిగి వచ్చిన దారి అతనికి గుర్తులేదు. దేవుడు ఒక ఇంట్లో ఒకరి కళ్లు మూసి ఇంకొకరి కళ్లు తెరుస్తాడు. అది దయో పరీక్షో మనలాంటివాళ్లం ఏం చెబుతాం? కానీ ఆ తెరిచిన కళ్లతో ఆ తల్లి చదవవలసి వచ్చిన మొదటి పెద్ద ఉత్తరం అదే కావడం ఎందుకో, అది మాత్రం అడగాలనిపిస్తుంది. అడిగితే తప్పు కాదేమో.

జ్ఞానమ్మ వంటింటి వెనక తడిగుడ్డతో గోడ తుడుస్తోంది. సగం అక్షరాలు పోయాయి. దానయ్య బడి అరుగు మీద కూర్చుని పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్నాడు. ఆ గోల ఇక్కడికి వినబడుతోంది.

"తుడవకు అమ్మా."

ఆమె చెయ్యి ఆగింది. కొడుకు గొంతులో ఏం విన్నదో, గుడ్డ పిండి దడి మీద ఆరేసింది. చేతులు చెంగుకు తుడుచుకుంది. లోపలికి వెళ్లి రేకుపెట్టె తెరిచి, పాటల పుస్తకంలోంచి ఉత్తరం తీసుకొచ్చింది. మడతలు నలిగి నలిగి బట్టలా మెత్తబడ్డాయి.

"ప్రభుదాసు బావ చెప్పాడా?"

"చెప్పాడు. నాకు ఎందుకు చెప్పలేదమ్మా నువ్వు?"

"క్ష వచ్చాక నా పేరు మీదనే ఒక ఉత్తరం రాద్దామనుకున్నా. అమ్మ రాయునది అని. ఆశ్చర్యపోతావని."

ఆమె నవ్వబోయింది, కుదరలేదు.

"అబద్ధం చదివావా నాన్నకు?"

"అబద్ధం చదవలా. ఇదిగో చూడు." గడప మీద కూర్చుని కాగితం ఒళ్లో పరిచింది. చూపుడువేలు అక్షరాల కింద పెట్టి, ఒక్కో అక్షరాన్నీ చేత్తో తోసినట్టుగా చదివింది. "వచ్చే... జూను... నుంచి... బడికి... నేను... వస్తా."

వేలు కాగితం అంచుకు వచ్చింది. అక్కడితో పంక్తి అయిపోయింది.

కృపానందం వంగి చూశాడు. వస్తాననుకోవద్దు అని రాశాడు తను. ఆ మాట పంక్తిలో పట్టలేదు. 'వస్తా' పైన ఉండిపోయింది. 'ననుకోవద్దు' కిందికి జారింది.

"నేను వస్తా దాకా చదివా. మీ నాన్న స్తోత్రం అని ఒక్క కేక పెట్టాడు. మంచం దిగి మోకాళ్లూనాడు. నా చెయ్యి పట్టి నన్నూ కూచోబెట్టాడు. మంచిమాట వినగానే మోకరించడం ఈ ఇంటి పద్ధతే గదా, నీకు తెలియందా. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తంటే నేను కళ్లు తెరిచి కిందపంక్తి చదువుకున్నా. నోరు మెదపకుండా చదవడం ఆ రోజే వచ్చింది నాకు."

"తరవాతైనా చెప్పొచ్చుగా."

"ప్రార్థన అయింది. లేచాడు. ఇంకేం రాశాడే అన్నాడు. అంతా కుశలమే అన్నా. చదవలేకపోయాను నాయనా. చదవడం రాక కాదు."

"ఆపడం మాత్రం అబద్ధం కాదా అమ్మా?"

"అదే దేవుణ్ణి అడుగుతున్నా. పదిరోజుల నుంచీ."

ఎక్కాల గోల పదహారో ఎక్కం దగ్గర తడబడి మళ్లీ మొదటికి వచ్చింది. జ్ఞానమ్మ కాగితం తిప్పింది. ఆమె వేలు ఎక్కడికి పోతోందో అతనికి తెలుసు. వద్దనబోయాడు. ఈలోపే ఆమె మొదలుపెట్టింది.

"ఈ ఉత్తరం... అమ్మకు... చదివి... వినిపించవద్దు. అక్షరం... రాని మనిషి. ఆమె లోకం... సం... సంకు... సంకుచితం. ఆ ఇల్లే... ఆమెకు... ప్రపంచం. పుస్తకాలు... ఎక్కడుంటే... అదే నా ఇల్లని... ఆమెకు... చెప్పినా... తెలియదు."

చదవడం అయ్యాక తప్పులేమైనా దొర్లాయా అన్నట్టు కొడుకు వంక చూసింది. పాఠం అప్పజెప్పిన చిన్నపిల్ల చూపు అది.

"ఈ సంకుచితం అన్న మాట ఒక్కటే నాకు తెలియలా. అక్షరాలు తెలిసినయ్, మాట తెలియలా. మీ నాన్ననడిగితే ఇరుకు అన్నాడు. ఇరుకు అని రాస్తే అప్పుడే తెలిసేది గదరా. అంత పెద్దమాట ఎందుకు?"

కృపానందం ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు. మూడేళ్లలో ఎన్ని పుస్తకాలు చదివాడో లెక్కలేదు. ఎక్కడెక్కడి మహారాజుల సంగతులో చెప్పగలడు. ఏడాదిపాటు నెల నెలా చేతికొచ్చిన కార్డును మాత్రం చదవలేకపోయాడు.

"అమ్మా, నేను..."

"ఏడవకు. మీ నాన్న చెవులు ఇప్పుడు చానా పదును."

"పదునే," అన్న మాట వినిపించింది.

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. గోడ మూల దగ్గర దానయ్య నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి కర్ర మీద, ఇంకో చెయ్యి తడిసిన గోడ మీద. ఎక్కాలు ఎప్పుడు ఆగిపోయాయో, పిల్లల్ని ఎప్పుడు పంపేశాడో ఇద్దరూ గమనించలేదు.

"సంకుచితం," అన్నాడాయన. "పది రోజుల కిందట నన్ను అడిగావు. ఎందులోదే అంటే పిల్లల పుస్తకంలో ఉంది అన్నావు. ముప్పై ఏళ్లు బడి చెప్పాను, ఏ పిల్లల పుస్తకంలోనూ ఆ మాట లేదే అని అప్పుడే అనుకున్నా. ఇందాక నీ నోట మళ్లీ విన్నా. ముందూ వెనకా వినబడలా. ఇది వీడి ఉత్తరంలోదా జ్ఞానమ్మా?"

జ్ఞానమ్మ కాగితం మడవబోయింది. నలిగిన కాగితమైనా చప్పుడు చేసింది.

"మడవకు. ఆ ఉత్తరంలో నేను విననిది ఉందన్నమాట." ఆయన తడుముకుంటూ వచ్చి తిరగలి పక్కన కూర్చున్నాడు. కోపం లేదు గొంతులో. కోపమున్నా బాగుండేది. "రేపు దొరగారి ముందు నేను వేలిముద్ర వేయాలి. సంతకం పెట్టిన చేతితో వేలిముద్ర. వేసేముందు ఏ మాట మీద వేస్తన్నానో వినాలి గదరా. నీ ఉత్తరం నువ్వే చదువు అబ్బాయ్. మొదటి నుంచి."

"నాన్నా, అది నీకు చూపు పోయిందని తెలియక ముందు..."

"తెలిశాక రాసేది వేరే ఉత్తరం. అది తరవాత విందాం. రాసిందే చదువు."

జ్ఞానమ్మ ఉత్తరం కొడుకు చేతికిచ్చింది. చదవమనీ అనలేదు, వద్దనీ అనలేదు. గడప మీద కూర్చుని తల వంచుకుంది.

కృపానందం కాగితం విప్పాడు. తన దస్తూరీయే. హాస్టల్లో అందరూ మెచ్చుకునే దస్తూరీ.

"మహారాజశ్రీ తండ్రిగారి సముఖమునకు కుమారుడు కృపానందం నమస్కరించి వ్రాయునది..." పరీక్షల సంగతి చదివాడు. హాస్టలు తిండి సంగతి చదివాడు. దానయ్య ఊకొట్టకుండా వింటున్నాడు. "బడి విషయం. మీరు మొగమాటపడకుండా దొరగారికి చెప్పవలసినది. వచ్చే జూను నుంచి బడికి నేను వస్తా"

పంక్తి అయిపోయింది.

గడప మీద జ్ఞానమ్మ చూపుడువేలు, ఆమెకు తెలియకుండానే, నేల మీద 'న' అక్షరం దిద్దుతోంది.

దానయ్య ఈసారి మోకరించలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, కొడుకు ఉన్న వైపే సరిగ్గా మొహం తిప్పి, కింది పంక్తి కోసం కాచుకుని కూర్చున్నాడు.